పక్కపక్కనే ఉన్న మూడు మామిడి చెట్లు ఒకేసారి ఎందుకు పూయవు?

ఫిబ్రవరిలో శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ రోడ్డు ఎక్కినవాళ్లకు ఒక విచిత్రం కనిపిస్తుంది. లోయ అంచున మూడు పాత మామిడి చెట్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి ఆకు కనపడనంతగా పూసి లేత పసుపు రంగులో మెరిసిపోతుంటుంది. దాన్ని ఆనుకుని ఉన్న చెట్టుకు పూత అన్నదే లేదు, కొమ్మ కొమ్మకీ రాగి రంగు చిగురు. మూడోదానికి పూతా లేదు, చిగురూ లేదు. పోయినేటి ముదురాకులతో నల్లగా నిలబడి ఉంటుంది. ఇంకాస్త పరికించి చూస్తే ఒకే చెట్టులో ఒక పక్క కొమ్మలన్నీ పూసి, రెండో పక్క కొమ్మలు చిగురు వేసి ఉండటం కూడా కనిపిస్తుంది. నేల ఒకటే, పడ్డ వాన ఒకటే, కాసే ఎండా ఒకటే. మరి ఈ తేడా ఎక్కడిది?

కిందికి దిగి విజయనగరం వైపు అంటు మామిడి తోటలు చూస్తే ఇంత తేడా ఉండదు. బంగినపల్లి తోట పూసిందంటే వరసలకు వరసలు పూస్తాయి. పూత తప్పిందంటే తోటంతా తప్పినట్టే. కొండల మీద వసంతం అందమంతా ఈ చెట్లు తలో తీరుగా ఉండటంలోనే ఉందని నాకనిపిస్తుంది. పైగా కొండ ఊళ్లలో ఏటా ఎంతో కొంత మామిడి పండు దొరుకుతోందంటే కారణం కూడా అదే. అయితే ఇది ఒక్క ముక్కలో తేలే విషయం కాదు. ఎత్తు, చలి, పోయినేటి కాపు, చెట్టు పుట్టుక, దాని వయసు ఇవన్నీ కలిసి ఒక కొమ్మ పూయాలా వద్దా అన్నది తేలుస్తాయి.

ముందు ఎత్తు సంగతి. విశాఖ సముద్రం ఒడ్డున ఉంది. అరకు లోయ సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, లంబసింగి దాదాపు 1000 మీటర్లు. పైకి వెళ్లేకొద్దీ ప్రతి కిలోమీటరుకూ సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది. అందుకే జనవరి రాత్రుల్లో మనం విశాఖలో పల్చటి దుప్పటితో సరిపెట్టుకుంటుంటే, చింతపల్లి వైపు పది డిగ్రీల లోపుకి పడిపోతుంది. చల్లదనంలో మొగ్గ నెమ్మదిగా ఎదుగుతుంది. ఆండ్రూ డెల్మార్ హాప్కిన్స్ అనే అమెరికన్ కీటక శాస్త్రవేత్త 1918లో ఈ ఆలస్యానికి ఒక లెక్క కట్టాడు: 400 అడుగుల ఎత్తు పెరిగితే వసంతం నాలుగు రోజులు ఆలస్యంగా వస్తుందని. ఆయన లెక్క అక్కడి చలి ప్రాంతాలను చూసి వేసింది, మన మామిడికి అచ్చంగా అతకదు. అయినా అరకు ఎత్తుకు ఆ లెక్క వేసి చూస్తే నెల రోజుల తేడా వస్తుంది. విశాఖలో పెరటి చెట్లకు పిందె కట్టే వేళకు కొండల మీద ఇంకా పూత ఉండటం, నగరంలో మామిడి పళ్ల హడావిడి తగ్గుముఖం పట్టాక ఏజెన్సీ కాయ సంతలకు రావడం ఇందువల్లే.

అయితే కొండల్లో ఎత్తు ఒక్కటే చూస్తే పొరపాటు పడతాం. రాత్రి పూట చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట కిందికి జారి లోయ అడుగున నిలిచిపోతుంది. వంజంగి కొండ మీద నిలబడి తెల్లవారుజామున కింద పాలసముద్రంలా పరుచుకున్న మేఘాలను ఫొటోలు తీసుకుంటున్నామే, అది లోయలో అలా చిక్కుకున్న చల్లగాలిలో కట్టిన మంచే. అంటే చలికాలపు రాత్రుల్లో లోయ అడుగున ఉన్న చెట్టు కన్నా కొండ నడుము మీద ఉన్న చెట్టు ఎత్తులో ఉండి కూడా వెచ్చగా ఉంటుంది. వాగు పక్కన చెట్టు ఇంకా మొగ్గ మీదే ఉండగా, అంతకన్నా పైన వాలులో ఉన్న చెట్టు పూసేస్తుంది. రోడ్డు మీంచి చూసేవాళ్లకు ఇది తలకిందుల వ్యవహారంలా కనిపిస్తుంది. చలి ఎటు జారి ఎక్కడ ఆగుతుందో తెలిస్తే విచిత్రమేమీ లేదు.

ఇక పక్కపక్కనే ఉన్న ఆ మూడు చెట్ల దగ్గరికి వద్దాం. వాటి మధ్య చలిలో తేడా లేదు. తేడా అంతా కొమ్మ చివర ఉన్న మొగ్గలో ఉంది.

మామిడి కొమ్మ చివర మొగ్గ చాలాకాలం ఏ సంగతీ తేల్చుకోకుండా ఉంటుంది. అది ఆకు కావచ్చు, పూత కావచ్చు. ఆ మొగ్గ కదిలి ఎదగడం మొదలుపెట్టే రోజుల్లో రెండు విషయాలు దాని దారిని నిర్ణయిస్తాయి. ఒకటి, ఆ కొమ్మ మీది ఆకుల వయసు. ఆకులు ముదిరి కనీసం నాలుగైదు నెలలు గడిచి ఉండాలి. రెండు, రాత్రి చలి. కొన్ని వారాల పాటు రాత్రులు చల్లగా ఉంటే ముదురాకుల్లో ఒక రకమైన సంకేత పదార్థం తయారై, ఆహారంతో పాటు కొమ్మ చివరికి చేరి ‘పూత వెయ్యి’ అని చెబుతుంది. ఆకులన్నీ దూసేసిన కొమ్మ ఎంత చలి తగిలినా పూయదు, ఆ మాట చెప్పే ఆకులే లేవు గనుక. మొగ్గ కదిలాక మధ్యలో నాలుగు రోజులు ఉక్క పోసిందంటే సగం పూత, సగం చిగురు కలిసిన రెమ్మ వస్తుంది. కొండ చెట్లకు అలాంటివి తరచూ కనిపిస్తాయి. ఒకే కాడకు కింద పూలు, పైన రాగి రంగు లేతాకులు ఉంటాయి.

మరి విశాఖ లాంటి ఉక్క ఊళ్లో మామిడి ఎలా పూస్తుందని అడగొచ్చు. అక్కడ ఆకు ముదరడమే పెద్ద పాత్ర పోషిస్తుంది. కొమ్మ బాగా ముదిరి ఉంటే కాస్త చల్లదనం చాలు. కొండల మీద చలికి కొదవ లేదు కాబట్టి అక్కడ చూడాల్సింది కొమ్మ సిద్ధంగా ఉందా లేదా అన్నదే.

పోయినేటి కాపు ప్రభావం పడేది ఇక్కడే. కిందటి వేసవిలో విరగకాసిన కొమ్మ జూన్ దాకా, కొండల్లో అయితే జులై దాకా, కాయలను మోసింది. తయారుచేసుకున్న తిండంతా కాయలకే పోయింది. పైగా ఎదుగుతున్న టెంకల్లోంచి జిబ్బరెల్లిన్లు అనే హార్మోన్లు వస్తాయి. ఇవి పూతకు అడ్డుపడే రకం. కాయలు దింపాక ఆ కొమ్మ చిగురు వేయడానికి ఆలస్యమవుతుంది, లేదా ఆ ఏడు అసలు వేయదు. చలి వచ్చే నాటికి దాని మీద వయసొచ్చిన కొత్త ఆకులు ఉండవు. అదే చెట్టులో పోయినేడు ఊరికే ఉన్న కొమ్మ మాత్రం తొలకరికే చిగురు వేసి, శీతాకాలానికి ఆకులు ముదిరి, పూతకు తయారుగా ఉంటుంది. ఒకే చెట్టు ఒక పక్క పూసి ఇంకో పక్క పూయకపోవడానికి కారణం ఇదే. చెట్టంతా కలిసి ఒక నిర్ణయం తీసుకోదు, ఏ కొమ్మ లెక్క ఆ కొమ్మది. ఏడాది విడిచి ఏడాది కాయడం అని మనం చెట్టు మొత్తానికి అనేస్తాం. చిన్న అంటు చెట్టులో కొమ్మలన్నీ ఒకే వరసలో పడితే ఆ మాట నిజమే. నలుగురు పట్టుకున్నా చేతులు అందని బోదె, ఎన్నో కొమ్మలు ఉన్న పాత చెట్టులో మాత్రం కొమ్మలు వంతులవారీగా కాస్తాయి. పాత చెట్లు బొత్తిగా కాపు లేకుండా పోయే ఏళ్లు తక్కువగా ఉండేది అందుకే.

మైదానం తోటల్లో రైతులు ఈ జిబ్బరెల్లిన్లనే అణిచేసే మందు వాడతారు. పాక్లోబ్యూట్రజాల్ దాని అసలు పేరు, రైతుల నోట కల్తార్. చెట్టు మొదట్లో పోస్తే చిగురు ఆగి పూత వస్తుంది. తోట మీద పెట్టుబడి పెట్టిన రైతుకు ఏటా కాపు రాకపోతే ఉండే టెన్షన్ తెలిసిందే కనుక, అది వాడటాన్ని నేను తప్పుపట్టను. కొండ మీద చెట్లకు అది పోసేవాళ్లు లేరు. వాటి పూత వాటిదే.

ఆ మూడు చెట్ల తేడాలో మిగతా సగం వాటి పుట్టుకలో ఉంది. ఏజెన్సీలో పాత మామిడి చెట్లు చాలావరకు టెంక మొలిచి పెరిగినవి. ఎవరో తిని విసిరిన టెంక, వాగు మోసుకొచ్చిన టెంక, ఎలుగుబంటి తిని వదిలిన టెంక. మన దేశపు మామిడి రకాల్లో చాలావాటికి టెంకలో ఒకటే పిండం ఉంటుంది, అది ఇద్దరి సంతానం. తల్లి ఎవరో తెలుస్తుంది, తండ్రి ఏ గుట్ట మీద చెట్టో ఈగకే తెలియాలి. కాబట్టి టెంక పెడితే తల్లి చెట్టు రాదు, కొత్త చెట్టు వస్తుంది. ఒకటి పీచు, ఒకటి రసం, ఒకటి పచ్చడికి తప్ప పనికిరాని పులుపు. పూసే వేళ కూడా అలాగే దేనిది దానిదే. బంగినపల్లి అంటు అయినా, విశాఖ ప్రాంతపు సొంత రకం సువర్ణరేఖ అయినా తోట మొత్తం ఒకే చెట్టు నుంచి పుల్లలు పుల్లలుగా తీసి కట్టినవి. అవి ఒకేసారి పూయడంలో వింతేముంది?

పూత వచ్చిందంటే కాయ వచ్చినట్టు కాదు. ఒక్క పూగుత్తిని చేతిలోకి తీసుకుని చూడండి. వెయ్యి నుంచి ఆరు వేల దాకా పూలు ఉంటాయి. ఒక్కో పువ్వు బియ్యపు గింజ కన్నా అంత పెద్దదేం కాదు. ఐదు రేకులు, వాటి మీద సన్నని పసుపు గీతలు, రెండో రోజుకు అవి గులాబీ రంగుకు తిరుగుతాయి. నడుమ తడిగా మెరిసే చిన్న దిమ్మ, దాని పక్కన ఊదా రంగు తల ఉన్న కేసరం సాధారణంగా ఒకటే. ఆ దిమ్మ మీద ఆవగింజంత లేతాకుపచ్చ బొడిపె ఉంటే ఆ పువ్వు కాయ కాగలదు. లేకపోతే అది ఉత్త మగ పువ్వు. గుత్తిలో ఎక్కువ భాగం మగవే. ఎండెక్కాక ఆ గుత్తి మీద వాలేవి ముఖ్యంగా ఈగలు. తేనెటీగలూ వస్తాయి కానీ మామిడి బతుకు ఎక్కువగా ఈగల మీదే నడుస్తుంది. ఇంతా చేసి నూటికి ఒక పువ్వు కూడా కోతకు వచ్చే కాయ అవదు.

ఇక్కడ చలి రెండు వైపులా పనిచేస్తుంది. పూతను పిలిచేది చలే, పూసిన పూతను చెడగొట్టేదీ చలే. పువ్వు విచ్చుకున్నాక రాత్రులు పదిహేను డిగ్రీల కన్నా బాగా కిందికి పోతే పుప్పొడి సరిగ్గా పనిచేయదు, ఈగలు తిరగవు, టెంక కట్టని గోలీల్లాంటి పిందెలు వచ్చి రాలిపోతాయి. చల్లటి రోజుల్లో వచ్చిన తొలి పూతలో మగ పూల పాలు కూడా ఎక్కువ. అందుకని జనవరిలోనే తొందరపడి పూసిన కొండ చెట్టు చూడ్డానికి ఎంత బాగున్నా, దాని మీద ఆశ పెట్టుకోలేం. మార్చిలో పూసినదానికి వెచ్చదనం కలిసొస్తుంది. కానీ దానికి వేరే గండాలున్నాయి. మంచు కురిసే రాత్రులు, పొడి పగళ్లు కలిస్తే పూత మీద బూడిద తెగులు. వాన పడితే మచ్చ తెగులు, పూగుత్తి నల్లగా మాడిపోతుంది. ఆకు మీద చెయ్యి వేస్తే జిగురుగా అంటుకుందంటే తేనెమంచు పురుగు చేరిందని అర్థం. అది పూకాడల రసం పీల్చి వదిలే తీపి జిగురు మీద మసి పడుతుంది. ఇవన్నీ తప్పించుకున్న పిందెను ఏప్రిల్, మే నెలల గాలివాన ఒక్క సాయంత్రంలో రాల్చేస్తుంది.

జనవరి పూతకు ఒక ఏడు కలిసొస్తుంది, మార్చి పూతకు ఇంకో ఏడు. ఏది కలిసొస్తుందో ఫిబ్రవరిలో ఎవరూ చెప్పలేరు. పక్కపక్కన మూడు చెట్లు మూడు వేళల్లో పూస్తే, వాటిలో ఒకటైనా మంచి వాతావరణంలో పడుతుంది. ఒకే వేళకు పూసే తోటకు ఈ వెసులుబాటు లేదు. శీతాకాలాలు వెచ్చబడుతూ, అకాల వానలు పెరుగుతున్న ఈ రోజుల్లో ఈ తేడా విలువ మరింత పెరిగింది.

పాతదనం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ముసలి చెట్టు అనగానే కాపు అయిపోయిందనుకునే అలవాటు మనకుంది. లేత చెట్టు ఏడాదికి మూడు నాలుగుసార్లు చిగురు వేస్తుంది. ఎదగడం మీదే దాని ధ్యాస. ముసలి చెట్టు ఒకసారో రెండుసార్లో వేసి ఊరుకుంటుంది. అందువల్ల చలి వచ్చే నాటికి దాని కొమ్మలు ముదిరి ఉండే అవకాశం ఎక్కువ. టెంక మొలిచిన చోటే పెరిగింది కాబట్టి తల్లివేరు లోతుకు దిగి ఉంటుంది, వాన లేని ఫిబ్రవరి, మార్చిలోనూ తడి దొరుకుతుంది. నిజమే, ముసలితనానికి జబ్బులూ ఉంటాయి. బోదెలో తొర్రలు, కాండం తొలిచే పురుగు. అన్నిటికన్నా పెద్ద బెడద బదనిక. మామిడి కొమ్మ మీద మందపాటి వేరే ఆకులు, ఎర్రటి గొట్టాల్లాంటి పూలు కనిపిస్తే అది మామిడిది కాదు, బదనికది. పిట్టలు దాని పండు తిని, జిగట గింజను ముక్కుతో కొమ్మకు రాసి పోతాయి. ఆ గింజ వేళ్లు కొమ్మ లోపలికే దించుతుంది. తేనెపిట్టలు వాలే ఆ ఎర్రపూలు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి, కానీ అక్కడి నుంచి చివరి దాకా ఆ కొమ్మ ఎండిపోతూ వస్తుంది. దీనికి నమ్మకమైన దారి ఒకటే. కొమ్మ కొట్టేయాలి.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు కూలిన చెట్ల సంగతి మనందరికీ గుర్తే. అరకు, అనంతగిరి వైపు కూడా చెట్లు కూలాయి. నిలబడ్డవి బతికాయి కదా అనుకుంటాం. పైన చెప్పిన లెక్క వేసి చూడండి. అక్టోబర్‌లో ఆకులన్నీ చిరిగి రాలిన చెట్టు ముందు ఆకులు తొడగాలి. నవంబర్‌లో వేసిన చిగురు జనవరికి ముదరదు. చలి వస్తుంది, పోతుంది, ‘పూత వెయ్యి’ అని చెప్పే ముదురాకులు ఉండవు. అంటే తుఫాను ఆ రోజు కొట్టిన దెబ్బ వచ్చే వసంతంలో కనిపిస్తుంది.

మామిడి గురించే చెబుతున్నాను కానీ కొండ వసంతంలో మిగతా చెట్లు వేరే లెక్కల్లో నడుస్తాయి. పనస పూత మనకు పూతలా కనిపించదు. మొద్దు మీద, పెద్ద కొమ్మల మీద వేలెడంత బుడిపెలుగా వస్తుంది. వాటిలో మగవి నల్లబడి రాలిపోతాయి, ఆడవి కాయలవుతాయి. సన్నకొమ్మలు మోయలేని బరువును మొద్దే మోస్తుంది. చెట్టు ముదిరేకొద్దీ కాపు కిందికి దిగుతుంది. సింహాచలం కొండ పనస చెట్ల దగ్గర నేలను తాకుతున్న కాయలు చూసినవాళ్లకు ఇది తెలుసు. చింత అయితే పూర్తిగా తలకిందులు. వేసవి చివర, తొలకరి రోజుల్లో పూసి, ఎనిమిది నెలలకు పైగా కాయను మోసి, ఫిబ్రవరి, మార్చిలో రాల్చుతుంది. వసంతం చింతకు కోతకాలం. 1956లో ఏర్పడి విశాఖ కేంద్రంగా నడుస్తున్న గిరిజన సహకార సంస్థ చింతపండు కొనేది ఈ రోజుల్లోనే. ఇలాంటి చెట్ల నీడన కాఫీ తోటలూ ఉన్నాయి. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడిందంటే ఎనిమిది, పది రోజులకు కాఫీ కొమ్మలన్నీ ఒక్కసారిగా తెల్లగా పూసి మల్లెల వాసన వేస్తాయి. ఇక్కడ వాన కావాలి. అదే వాన పైన మామిడి పూతను మాడుస్తుంది. ఒకే తోటలో ఒక వానకు ఒకళ్లు సంతోషపడి, అదే ఇంట్లో ఇంకొకళ్లు నొచ్చుకోవడం అరకు వైపు మామూలే.

లంబసింగి చలిని చూసి యాపిల్ పెట్టి చూద్దామని కొన్నేళ్ల కిందట ప్రయోగాలు కూడా జరిగాయి. యాపిల్‌కు కావాల్సిన చలి వేరు. అది ఏడు డిగ్రీల లోపు ఎన్ని గంటలు గడిచాయో లెక్కపెట్టుకుంటుంది, మామూలు రకాలకు అది వెయ్యి గంటల దాకా ఉండాలి. మన కొండల్లో అంత దొరకదు కనుక తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలే పెట్టాల్సి వచ్చింది. ప్రయత్నాన్ని నేను కాదనను. కానీ ఈ కొండల చలికి తరాలుగా అలవాటుపడిన చెట్లు ఇక్కడే ఉండగా, వాటి వివరాలు రాసిపెట్టే పని అంత శ్రద్ధగా జరగకపోవడం నాకు బాధగా ఉంటుంది.

గిరిజనులకు ఈ చెట్ల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. కొత్త కాయను దేవతకు పెట్టకుండా మామిడి ముట్టని ఊళ్లున్నాయి. ఆ కట్టుబాటు వల్ల లేత పిందెలను తెంపేయడం కూడా ఆగుతుంది. పండు తిన్నాక టెంకనూ పారేయరు. లోపలి జీడి తీసి, పారే నీళ్లలో వగరు పోయేదాకా నానబెట్టి, ఎండబెట్టి, పిండి కొట్టి, వానాకాలంలో ఇంట్లో గింజలు తక్కువైనప్పుడు టెంక అంబలి కాచుకుంటారు. ఒక చెట్టు కాపు తప్పితే ఆ ఇంట్లో తగ్గేది పండు ఒక్కటే కాదు.

ఇప్పుడు ఈ చెట్లకు వచ్చిన ముప్పు తెగులు కాదు. రోడ్డు వెడల్పు, రిసార్టుకు చోటు, సెంట్రింగ్ చెక్కకూ పండ్ల పెట్టెలకూ కలప. పోయిన చెట్టు స్థానంలో మంచి అంటు మొక్క ఇస్తామంటారు. అంటు మొక్క మంచిదే, కానీ అది ఆ చెట్టు కాదు. కొట్టక తప్పని చెట్టయితే, కొట్టేముందు దాని పుల్లలు తీసి అంటు కట్టించాలి. వానలు మొదలయ్యాక జులై, ఆగస్టులో టెంక మొలిచిన లేత మొక్కల మీద ఈ పని తేలిగ్గా అవుతుంది, నర్సరీల్లో చేసేవాళ్లున్నారు. అదే చెట్టు టెంక నాటితే ఎనిమిది, పదేళ్లు ఆగాలి, వచ్చేది ఇంకో చెట్టు. పుల్ల కడితే మూడు నాలుగేళ్లలో కాస్తుంది. ఎందుకంటే మొక్క చిన్నదైనా ఆ పుల్ల ముసలి చెట్టులో భాగమే, కాపుకొచ్చే వయసు దాటి వచ్చినదే. పండు రుచీ అదే, పూసే వేళా ఆ చెట్టుదే.